పూలబల్ల మీద లేసు కాలరు

బ్రాన్స్‌కోమ్, డెవన్
1858 మార్చి 1

చెల్లి హెస్టర్‌కి అక్క రాస్తున్నది.

నీ జాబు అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు ఆ దీవి మీద వాన ఎలా కురుస్తుందో చెప్పావు. ముప్పాతిక పేజీ మీ పార్జెటరమ్మ పెట్టే చివాట్లు చెప్పావు. మిగిలిన కాస్త చోటులో 'నిన్ను చూడాలని ఉందక్కా' అని ఇరికించావు. వాన మాకూ కురుస్తుందే. ఈసారి ఆ చివరి మాటే నాలుగు పేజీలు రాయి.

ఇక్కడ అందరం కులాసా. ప్రూడెన్స్ అత్తకి ఇంకో పన్ను ఊడింది. దాన్ని పొట్లం కట్టి దాచుకుంది, పైలోకంలో లెక్క అడుగుతారట. చేపలు బాగా పడుతున్నాయి, వీధంతా నీచువాసన. లేసు షావుకారు మాత్రం ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు. మరల మీద లేసు నేయడం మొదలెట్టాక చేతి లేసు అడిగే నాథుడు లేడు. మనవాళ్ళు మాత్రం 'రాణీగారి పెళ్ళి లేసు అల్లిన చేతులివి' అని ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది. అందులో ఒక పూరెమ్మ నేనూ అల్లాను, కాదనను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, నీకు రెండు. ఒళ్ళో పెట్టుకుని లేసు అల్లే నా దిండు పక్కన కూర్చుని దారం కండెలు నోట్లో పెట్టుకునేదానివి. అమ్మ పోయిన ఏడాది అది. నీ నోట్లోంచి కండె లాక్కోవడంలోనే సగం పొద్దు గడిచిపోయేది.

ఇక అసలు సంగతి. కంగారు పడకుండా చదువు. క్రిస్మస్ తర్వాత నుంచి నాకు దారం రెండుగా కనబడుతోంది. గుండుసూది తల ఉన్నచోట ఉండడం లేదు. ప్రూడెన్స్ అత్త పోరు పడలేక ఎక్సిటర్ వెళ్ళి కంటి వైద్యుడికి చూపించుకున్నాను. ఆయన రెప్పలు తిప్పి చూశాడు, దీపం పెట్టి చూశాడు. "ఎన్నేళ్ళ నుంచి అల్లుతున్నావమ్మా?" అన్నాడు. అయిదో ఏట నుంచి అన్నాను. "అయితే చేసింది చాల్లే, ఇక మానెయ్" అన్నాడు. మానినా మానకపోయినా కళ్ళ మీద మంచు కమ్ముతుందట. వచ్చే చలికాలానికి పూర్తిగా కమ్మేస్తుందని చెప్పాడు.

నాకు ఒకటే కోరిక ఉంది హెస్టర్. నీ ముఖం పగటి వెలుతురులో ఒక్కసారి చూడాలి. నాలుగేళ్ళ కిందట పదిహేడేళ్ళ పిల్లని బండి ఎక్కించాను. ఇప్పుడు నీకు ఇరవై ఒకటి నిండబోతోంది. ఈ ఇరవై ఒక్కేళ్ళ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. చూపు పోయాక నిన్ను తలుచుకోవాలంటే ఆ చిన్నపిల్ల ముఖమే నా దగ్గర ఉంటుంది. అది నాకు చాలదు.

మే ఇరవై నాలుగు నీ పుట్టినరోజుకి రా. రెండు రోజులుండి పో. అంతకంటే అడగను.

నీ అక్క,
టామ్సిన్

•

దీవి భవనం, కౌస్ దగ్గర
మార్చి 14

అక్కా,

నీ జాబు దుప్పట్ల గదిలో చదువుకున్నాను. ఇస్త్రీ చేసిన దిండు గలీబులు రెండు తడిపేశాను. మళ్ళీ ఇస్త్రీ చేయాల్సి వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? క్రిస్మస్ నుంచి మార్చి దాకా నీలో నువ్వే దాచుకున్నావా?

ఆ ఏడుపు మొహంతోనే పార్జెటర్ గారి దగ్గరికి పోయాను. ఆవిడ ఈ ఇంటి పనివాళ్ళందరికీ పెద్ద, బీరువాల తాళాలన్నీ ఆవిడ నడుముకే ఉంటాయి. సంగతి చెప్పాను. పాపం, జాలిపడింది. పడి, "మే నెలలో సెలవా? పెళ్ళి పందిట్లోంచి వంటవాళ్ళు వెళ్ళిపోతామన్నట్టుంది. రాణీగారి పుట్టినరోజు ఇరవై నాలుగు. నీదీ అదే రోజైతే ఆవిణ్ణి మార్చుకోమని అడగనా?" అంది. మేలో గడప దాటితే మళ్ళీ లోపలికి రాకూడదట. రాణీగారి కుటుంబమంతా ఆగస్టు చివర ఉత్తరదేశం వెళ్తుంది. అప్పుడు నాకు పద్నాలుగు రోజులు ఇస్తానని మాట ఇచ్చింది. ఆవిడ మాటంటే మాటే.

ఆగస్టు దాకా ఆగవా అక్కా? నీ కళ్ళకి నా మాటగా చెప్పు.

ఆ ఇరవై నాలుగు ఇక్కడ ఎలా జరుగుతుందో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పెద్ద హాల్లో బల్లల మీద తెల్లగుడ్డ పరుస్తారు. బల్ల అంచు చుట్టూ గులాబీలు, ఇంకా ఏవేవో పూలు దండలా కట్టాలి. ఆ పని నాది, ఇంకో ఇద్దరు పిల్లలది. తెల్లవారుజామున తోటలో కోస్తాం. మంచుకి వేళ్ళు కొంకర్లు పోతాయి. దాన్ని మేం పూలబల్ల అంటాం. దాని మీద కానుకలు సర్దుతారు: భర్తగారివి, పిల్లలవి, పైదేశపు రాజులవి. పటాలు, పాలరాతి బొమ్మలు, గాజులు, శాలువలు. ఏడింటికి కిటికీ కింద బాజాలు మోగుతాయి. పిల్లలు పద్యాలు అప్పజెబుతారు. వాళ్ళందరూ భోజనాలకి వెళ్ళాక మమ్మల్ని వరసగా ఒక్కసారి చూసి పొమ్మంటారు. చేతులు వెనక్కి కట్టుకోవాలి, ముట్టుకోకూడదు.

అక్కడ నేనేం చేస్తానో తెలుసా? బల్ల ముందుకి రాగానే కళ్ళు మూసుకుని, ఇవన్నీ హెస్టర్ పుట్టినరోజుకి వచ్చాయి అనుకుంటాను. మూడు అంకెలు లెక్కపెట్టే లోపు వెనకవాళ్ళు తోసేస్తారు. ఆ తర్వాత వంటింట్లో నిలబడి కేకు ముక్క తింటాను. ఇప్పటికి మూడు పుట్టినరోజులు ఇలాగే అయ్యాయి. నాలుగోది వస్తోంది.

బయటివాళ్ళు పంపేవి ఈ బల్ల మీదికి రావు. పోయిన ఏడు ఎవరో బండిచక్రమంత జున్ను పంపారు, వచ్చిన బండిలోనే తిరిగిపోయింది. రాణీగారి వెంట ఉండే దొరసాని ఎవరైనా తన చేత్తో పెడితేనే బల్ల ఎక్కుతుంది. రాణీగారు ఒకసారి బాగుంది అన్నారంటే అది చేసిన ఊరు పదేళ్ళు కూర్చుని తింటుందని పార్జెటర్ గారు చెప్పింది. మన ఊరిని తలుచుకున్నాను.

కళ్ళు జాగ్రత్త. అల్లడం మానెయ్.

నీ
హెస్టర్

•

బ్రాన్స్‌కోమ్
మే 2

హెస్టర్‌కి,

ఆగస్టంటే ఆగస్టే. రాణీగారితో పోటీ పడేటంత దాన్ని కాను. నీ జాబు వచ్చిన రోజు కాస్త మూతి ముడుచుకున్న మాట నిజం. ప్రూడెన్స్ అత్త చూసి "ఆ మూతితో సముద్రం వైపు చూడకే, చేపలు వెనక్కి పోతాయి" అంది. నవ్వొచ్చింది.

కళ్ళ గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. ఆ వైద్యుడు ఊరికే భయపెట్టినట్టున్నాడు. ఇప్పుడు నయమే. నమ్మకపోతే ఇందులో పెట్టినదాన్ని చూడు. గుడ్డిది అల్లిన పనిలా ఉందా?

పద్నాలుగు నెలలు అల్లాను దీన్ని. షావుకారు పని అయ్యాక, మిగిలిన వెలుతురులో. ఆఖరి రెండు పువ్వులూ వేళ్ళతో తడుముకుంటూ అల్లాననుకో, అయినా తేడా తెలియదు. ఇరవై నాలుగో తేదీ పొద్దున నువ్వు చెప్పిన ఆ పూలబల్ల మీద దీన్ని పెట్టాలి. మూలనైనా ఫరవాలేదు, చుట్టూ పూలు మాత్రం ఉండాలి. ఎవరి మెడకో వేరే చెప్పక్కర్లేదుగా.

అందగానే ఒక ముక్క రాయి.

టామ్సిన్

•

దీవి భవనం
మే 27

అక్కా, అక్కా,

నీ కాలరు పూలబల్ల ఎక్కింది.

ఎక్కడ మొదలెట్టను? నీ కవరు విప్పి కిటికీ వెలుతురులో పట్టి చూశాను. నేను ఇక్కడ ఇంద్రుడి ఖజానా లాంటివి చూశాను గాని, ఇంత సన్నటి పని చూడలేదు. ఈ కళ్ళకా మంచు కమ్మేది? ఆ వైద్యుడికే కళ్ళు చూపించుకోమని చెప్పు. నా గుండెల మీది బరువు దిగిపోయింది.

నువ్వు రాసింది చదివి రాత్రంతా ఆలోచించాను, ఎలా చేరవేయాలా అని. మాలాంటివాళ్ళు పై వాళ్ళకి ఏదైనా అందించామని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా అక్క అడక్క అడక్క ఒకటి అడిగింది, చేయలేకపోతే ఈ భవనంలో ఉండి ఏం లాభం అనుకున్నాను. పార్జెటర్ గారి ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. "ఎవరు చేశారు?" అంది. మా అక్క అన్నాను. "ఎవరికోసం?" అంది. రాణీగారికి అన్నాను. తర్వాత దాన్ని పట్టుగుడ్డలో చుట్టి పెద్ద దొరసాని గదికి తనే తీసుకుపోయింది.

ఇరవై నాలుగు పొద్దున్న దొరసాని తన చేత్తో పెట్టింది, ఎడమ బల్ల మూల మీద. ఆ మూలకి నేను తెల్ల గులాబీలే కట్టాను, రంగు పూలైతే లేసు తేలిపోతుందని. రాణీగారు వచ్చారు. నేను తలుపు వెనక ఉన్నాను, కనబడదు గాని వినబడుతుంది. ఎవరో "ఇది డెవన్ పని" అన్నారు. "ఎంత బాగుంది" అన్న మాట వినబడింది. మెడ దగ్గర పెట్టి చూశారట. కొంచెం ఇరుకైందని ఎవరో నవ్వారు. అంతే, వేరే కానుక వైపు వెళ్ళిపోయారు. కానీ 'ఎంత బాగుంది' అన్నారు అక్కా. నా చెవులతో విన్నాను.

ఒక్కటే అడగాలనుకున్నాను. రాణీగారికి అంటే రాజచిహ్నాలని గులాబీ, ముళ్ళపువ్వు వేస్తారు కదా, నువ్వు గంటపూల తీగా గవ్వలూ వేశావేం? మొదట భయపడ్డాను గాని, దొరసానికి అదే నచ్చిందట, కొత్తగా ఉందని.

భోజనాల తర్వాత మేం వరసలో నడిచాం. ఈసారి కళ్ళు మూసుకోలేదు. నీ కాలరు ముందు నిలబడ్డాను. వెనకవాళ్ళు తోసినా కదల్లేదు. నాకు ఇంత మంచి పుట్టినరోజు ఎప్పుడూ జరగలేదు.

ఊరందరికీ చెప్పు.

నీ
హెస్టర్

•

బ్రాన్స్‌కోమ్
జూన్ 10

హెస్టర్‌కి,

నీ జాబు చేరింది. ప్రూడెన్స్ అత్త పైకి చదివింది. వీధంతా గుమిగూడారు. ఫాదిరిగారు ఆదివారం ప్రార్థనలో ఆ మాట చెప్పారు. షావుకారు నాకు టీ ఆకు పొట్లం పంపాడు.

నీకు నచ్చిన చోట పెట్టావు. సంతోషం. ఇచ్చాక అది నీది, నీ ఇష్టం. నీ ఉద్యోగానికి మేలు జరిగితే అంతే చాలు. దొరసాని నీ పేరు అడిగే ఉంటుంది.

ఎండలు బాగున్నాయి. గుమ్మం పక్క తీగకి పూలు వచ్చాయని అంటున్నారు.

ఆగస్టులో వస్తావుగా.

టామ్సిన్

•

దీవి భవనం
జూలై 18

అక్కా,

నీ జూన్ జాబు పదిసార్లు చదివాను. జాబు కాదది, మందుల షాపు చీటీలా ఉంది. నీకు కోపం వచ్చిందని తెలుసు, ఎందుకో కూడా తెలిసింది. పద్నాలుగు నెలలు కళ్ళు కాయలు కాచేలా అల్లి పంపితే, రాణీగారి నుంచి ఒక ముక్క మెప్పు రాలేదు, ఒక ఆర్డరు రాలేదు. ఊరంతా ఎదురుచూస్తుంటారు, నీకు తలవంపులుగా ఉండి ఉంటుంది. నేనైనా ఏదో ఒకటి చేయకపోతే ఎలా?

చేశాను. కూర్చుని చదువు.

దొరసాని ఆగస్టులో ఉత్తరదేశానికి వెళ్తోంది. ఆవిడ సొంత పనిమనిషికి కాలు విరిగింది. నన్ను వెంట రమ్మంది. పోనని చెప్పాల్సింది, సెలవు ఉందని. చెప్పబోయి, అడగందే అమ్మైనా పెట్టదు కదా అనుకున్నాను. "వస్తానమ్మగారూ, మా అక్క కాలరు సంగతి మాత్రం మరిచిపోకండి" అన్నాను. నా ధైర్యానికి నాకే ఆశ్చర్యం. ఆవిడ నవ్వి, అక్కడికక్కడే కాగితం రాయించింది. తన కూతురి పెళ్ళికి మేలిముసుగు, ఆరు చేతిరుమాళ్ళు, రెండు కాలర్లు, అన్నీ బ్రాన్స్‌కోమ్‌లో, టామ్సిన్ చేతి మీద జరగాలని. ఊళ్ళో ఇరవై లేసు దిళ్ళకి ఏడాది పని అక్కా. కాగితం షావుకారు పేర వస్తుంది.

అందుకని ఆగస్టులో రాలేను. క్రిస్మస్ తర్వాత తప్పకుండా వస్తాను. నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా, నాలుగు నెలల్లో కొంప మునిగేదేముంది?

ఇంకో సంగతి. పుట్టినరోజు కానుకల్లో వాడుకోనివి అద్దాల బీరువాల్లో సర్ది, నడవాలో పెట్టారు, వచ్చే పోయే అతిథులు చూడ్డానికి. నీ కాలరు మూడో బీరువాలో ఉంది, నల్ల మఖ్మలు మీద పరిచి. ఒక పక్క ఏనుగుదంతం పెట్టె, ఇంకో పక్క ఎవరో రాజు పంపిన వెండి ఓడ. ఆ నడవా తుడిచే వంతు నాదే. ప్రతి సోమవారం ఆ గాజు మీద నోటి ఆవిరి ఊది, తళతళలాడేలా తుడుస్తాను. నీ చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది.

నవ్వు ముఖంతో జాబు రాయి ఈసారి.

నీ
హెస్టర్

•

బ్రాన్స్‌కోమ్
జూలై 26

హెస్టర్,

ఈ అక్షరాలు పెద్దగా, వంకరగా ఉంటాయి. కాగితం కింద అట్టముక్క పెట్టుకుని, దాని అంచు తడుముకుంటూ రాస్తున్నాను. రెండు రోజులుగా రాస్తున్నాను. ప్రూడెన్స్ అత్త రాసిపెడతానంది. వద్దన్నాను, ఇది ఒకరి చేత రాయించే జాబు కాదు.

కళ్ళు నయమని అబద్ధం చెప్పాను. నువ్వు ఆగస్టన్నావు, సరే, ఆ మూడు నెలలూ నీకు బెంగ ఎందుకని చెప్పాను. నాకు ఇప్పుడు దారం కనబడదు. సూది కనబడదు. దొరసాని కూతురి ముసుగు నా చేతి మీద ఎలా జరుగుతుంది? ఇరవై మంది ఆడవాళ్ళు నా గుమ్మంలోకి వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చారు, అన్నం పెట్టావు తల్లీ అని. వాళ్ళతో ఏమని చెప్పను? నువ్వేమో నా కోసమే చేశానంటావు.

నా కోసం ఏం చేశావే? నేను అడిగింది ఒకటి. నువ్వు తెచ్చి పెట్టింది ఇంకొకటి.

ఆ కాలరు రాణీగారికి కాదు. నీకు.

చెప్పకూడదనుకున్నాను. చెబితే నీ మనసు విరుగుతుందని జూన్లో నోరు కట్టుకున్నాను. అసలు మొదట నేనేం అనుకున్నానో తెలుసా? మా హెస్టర్‌కి మా పల్లెటూరి కాలరు కంటికి ఆనలేదు, దాన్ని పెద్దవాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టి మెప్పు సంపాదించుకుంది అనుకున్నాను. నెల రోజులు అలాగే అనుకున్నాను. నీ ఈ జాబు అత్త చేత చదివించుకున్నాకే నీకు నిజంగా తెలియలేదని అర్థమైంది. నీ తప్పు కూడా కాదులే. మన ఊళ్ళో ఎవత్తె తన మెడకి లేసు కట్టుకుంది? అమ్మ కట్టుకుందా? ప్రూడెన్స్ అత్త డెబ్బై ఏళ్ళలో ఒక్క అంగుళం కట్టుకుందా? మనం అల్లేది ఎప్పుడూ ఇంకొకరి మెడకే. పుట్టిన దగ్గర్నుంచి అదే చూసిన పిల్లకి, ఇది నాది అని ఎలా తోస్తుంది?

అందుకే అల్లాను. మన ఇంట్లో ఒక్కరైనా కట్టుకోవాలని. ఇరవై ఒకటి నిండే రోజున, మీ అటక మీద గదిలో, పెట్టె మూత మీదో స్టూలు మీదో నాలుగు పూలు పరిచి పెట్టుకుంటావని, ఆ రోజుకి నీకూ ఒక పూలబల్ల ఉంటుందని. రాణీగారికి గులాబీలు అల్లుతారు, నాకు తెలియదా? మన గుమ్మం పక్క తీగ, నువ్వు ఏరుకొచ్చిన గవ్వలు రాణీగారికి ఎందుకు? ఇరుకైందన్నారుట. అవ్వదా మరి. నువ్వు వెళ్ళిపోయే రోజు పొద్దున నిద్రలో ఉండగా దారంతో నీ మెడ కొలుచుకున్నాను. ఆ దారం నాలుగేళ్ళు నా పెట్టెలో ఉంది.

పనివాళ్ళు లేసు కట్టుకోకూడదని మీకు కట్టుబాటు ఉంటే, ఆగస్టులో ఇంటికి వచ్చి కట్టుకుందువనుకున్నాను. నేను చూద్దామనుకున్నాను.

క్రిస్మస్ అన్నావు. నువ్వు వస్తావు. నా చూపు ఉండదు.

టామ్సిన్

•

దీవి భవనం
ఆగస్టు 7

అక్కా,

నీ జాబు పోయిన వారం గురువారం వచ్చింది. క్షమించమని అడగడం సులువు. అడగను, నువ్వు వెంటనే క్షమించేస్తావు.

జరిగింది చెబుతాను.

సోమవారం నా వంతు. బట్ట తీసుకుని నడవాలోకి వెళ్ళాను. మూడో బీరువా ముందుకి వచ్చేసరికి చెయ్యి లేవలేదు. ప్రతి వారం తుడిచిన గాజే. పువ్వులు చూశాను. మన గుమ్మం, మెట్టు, పక్కన ఆ తీగ, అన్నీ అందులో ఉన్నాయి. రెండు నెలలు దాని ముందు నిలబడి ఇంకొకరి వస్తువని మురిసిపోయాను. అక్కడే చతికిలబడ్డాను. పార్జెటర్ గారు వచ్చి చూసింది. "ఏమ్మాయ్, దుమ్ము దులపమంటే దుమ్ములో కూర్చున్నావేం?" అంది. ఆ కాలరు నాదండీ అన్నాను. పిచ్చెక్కిందనుకుని ఉంటుంది. నీ జాబు చేతికిచ్చాను.

ఆవిడ నిలబడే చదివింది, రెండుసార్లు చదివింది. తర్వాత "తిరిగి ఇప్పించలేనమ్మాయ్. ఇక్కడ గాజు వెనక్కి వెళ్ళింది ఏదీ బయటికి రాదు" అంది. నేను అడగలేదు అన్నాను. అడగాలని ఉంది కదా అంది. అవును అన్నాను.

అటూ ఇటూ చూసింది. కుటుంబమంతా పడవ మీద షికారు వెళ్ళింది, నడవాలో ఎవరూ లేరు. నడుము దగ్గర గుత్తిలోంచి చిన్న తాళంచెవి తీసి బీరువా తెరిచింది. ముప్ఫై ఏళ్ళ కొలువులో ఆవిడ ఎవరి కోసమూ అలా తీసి ఉండదు. "టోపీ తియ్" అంది. తీశాను. నా మెడకి తనే కట్టింది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

ఎలా ఉందో చెప్పనా? సరిగ్గా సరిపోయింది. ముందు కొసలు రెండూ గొంతు గుంట దగ్గర కలిశాయి, ఎక్కువా లేదు తక్కువా లేదు. నాలుగేళ్ళలో నా మెడ లావెక్కలేదు. తీగ ఎడమ భుజం వైపు నుంచి మొదలై వెనకగా తిరిగి కుడి వైపుకి వచ్చింది. ఆఖరి రెండు పువ్వులూ ఎక్కడున్నాయో వేళ్ళతో వెతుక్కున్నాను. నువ్వు తడుముకుంటూ అల్లినవి. దొరికాయి, వాటి రెక్కలు మిగతావాటికంటే కాస్త దగ్గరగా ఉన్నాయి. ఎదురుగా బంగారు చట్రం నిలువుటద్దం ఉంది. అందులో చూసుకున్నాను. ఈ ఇంట్లో నాలుగేళ్ళున్నాను, ఆ అద్దం తుడిచాను గాని అందులో నన్ను చూసుకోలేదు. పార్జెటర్ గారు నా వెనక నిలబడి "నీకోసం చేసిందే" అంది.

పది నిమిషాలు ఉంచింది. తర్వాత విప్పి, మఖ్మలు మీద ఎలా ఉందో అలాగే పరిచి, తాళం వేసింది.

మధ్యాహ్నం దొరసాని దగ్గరికి వెళ్ళి ఉత్తరదేశం రానని చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. మాట ఇచ్చి తప్పుతావా అంది. తప్పుతున్నానమ్మగారూ అన్నాను. అయితే కొలువు వదులుకో అంది. వదులుకున్నాను. మా అక్క చూపు పోతోందని, పెళ్ళి లేసు మా ఊరి ఆడవాళ్ళు మా అక్క నేర్పిన చేతులతోనే అల్లుతారని, ఆర్డరు మాత్రం వెనక్కి తీసుకోవద్దని అడిగాను. చేత్తో పొమ్మని సైగ చేసింది. రాత్రికి పార్జెటర్ గారు వచ్చి, కాగితం నిన్ననే షావుకారుకి పోయిందని, పోయినదాన్ని వెనక్కి పిలిపించడం దొరసానికి చిన్నతనమని చెప్పింది. ఊరికి పని ఉంటుంది అక్కా. వాళ్ళ పని మీద నువ్వు వేళ్ళు పెట్టి తప్పులు చెప్పు చాలు.

పదహారో తేదీన ఇక్కడి నుంచి బయలుదేరుతున్నాను. పడవలో సౌతాంప్టన్, అక్కడి నుంచి డార్చెస్టర్ దాకా రైలు, అక్కడి నుంచి గుర్రపు బండి. పద్దెనిమిది సాయంత్రానికి ఆక్స్‌మిన్‌స్టర్ చేరతాను. అక్కడ బళ్ళు ఆగే సత్రానికి నీ జాబు ఒకటి పంపు, నాకు ధైర్యంగా ఉంటుంది. కాలరు తేలేను. వట్టి మెడతో వస్తున్నాను.

నీ కళ్ళు అప్పటిదాకా ఉంటాయా?

హెస్టర్

•

బ్రాన్స్‌కోమ్
ఆగస్టు 14

నా హెస్టర్‌కి,

ఈ జాబు ప్రూడెన్స్ అత్త చేతి రాత. మాటలు నావి. మధ్యలో ఆవిడ తన మాటలు కలిపితే నమ్మకు.

కొలువు పోగొట్టుకున్నందుకు నిన్ను తిట్టాలి. వచ్చాక తిడతాను. ఈ నాలుగు రోజులూ తిట్లు పోగు చేసుకుంటున్నాను.

ఇప్పుడు శ్రద్ధగా విను. పద్దెనిమిది సాయంత్రం ఆక్స్‌మిన్‌స్టర్ చేరాక ఎంత ఆత్రం ఉన్నా ఆ పొద్దు బయలుదేరకు. సత్రంలోనే పడుకో. దీపం వెలుగు నాకు పనికిరాదు, అంతా పసుపు ముద్దలా కనబడుతుంది. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా గుమ్మంలో ఎండ పడుతుంది. ఆ ఎండలో చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకుంటే గీతలు ఇంకా కనబడుతున్నాయి. రోజూ చూసుకుంటున్నాను, తగ్గుతోంది గాని ఉంది. ఈ వారం దాకా ఉంటుంది.

వచ్చాక నన్ను కావలించుకోకు, అది తర్వాత. ముందు గుమ్మంలో కుర్చీ వేసి ఉంటుంది, ఎండకి ఎదురుగా కూర్చో. నేను దగ్గరగా వచ్చి చూస్తాను. చాలు అనే దాకా కదలకు. ఎంతసేపు పడుతుందో తెలియదు, ఆకలేసినా ఓర్చుకో. ఊళ్ళో వాళ్ళు చుట్టూ చేరి ఏమైనా అంటారు, పట్టించుకోకు.

ఏడవకు మాత్రం. ఏడిస్తే ముఖం మారిపోతుంది. నాకు నీ మామూలు ముఖం కావాలి.

అక్క